అమ్మమ్మ చీరలు మూటగట్టెయ్యడానికి అంత తొందరెందుకు?

విజయవాడలో ఎవరైనా పోతే ఇంటికి ముందొచ్చేవి ఫ్రీజర్ బాక్సు, పూలదండలు. వచ్చినవాళ్ళు తలా ఒక దండ అద్దం మీద వేస్తూ పోతారు, కాసేపటికి మనిషే కనబడకుండా పోతే ఎవరో ఒకరు లేచి మొహం దగ్గర బంతిపూలు పక్కకి జరుపుతారు. కృష్ణలంక స్వర్గపురికి తీసుకెళ్ళేటప్పుడు దారంతా చల్లిన పూలని వెనకొచ్చే ఆటోలు తొక్కేస్తాయి. అందులో నాకు తప్పేం కనబడదు, పువ్వు ఆ పూటకే.

నా గొడవంతా బట్టలతోనే. మా అమ్మమ్మవి మంగళగిరి నేత చీరలు ఆరేడుండేవి. కొంగు చివర చిల్లర ముడేసుకునే అలవాటు వల్ల అక్కడ నూలు సాగి, ముడి విప్పినా ముడతలు పోయేవి కావు. పెద్దకర్మ అవ్వగానే అన్నీ మూటగట్టి ఇచ్చేశారు. ఒక్కటి ఉంచుకుంటానంటే మా పెద్దమ్మ 'పోయినవాళ్ళవి ఇంట్లో ఉంచకూడదే' అంది. భర్త పోయినావిడకి తలనిండా పూలు పెట్టి, అందరి ముందూ తీసేసే తంతుకి మాత్రం కొన్ని ఇళ్ళల్లో ఇప్పటికీ ఏ అడ్డూ లేదు!

అమెరికాలో ఎయిడ్స్‌తో పోయినవాళ్ళ శవాన్ని ముట్టుకోడానికే కొందరు జంకిన రోజుల్లో, అయినవాళ్ళు వాళ్ళ చొక్కాలూ జీన్సులూ కత్తిరించి, పేర్లు కుట్టి ఒక పెద్ద బొంత చేశారు. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో మొదటిసారి పరిచినప్పుడు అందులో 1,920 ముక్కలు, ఒక్కోటి 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, అంటే ఇంచుమించు సమాధి కొలత. ఇప్పుడది దాదాపు 50,000 ముక్కలు, 54 టన్నులు. నేలమీద పరిచిన పేరుని చూడనట్టు పోవడం ఎవరికైనా కష్టమే కదా, పూలతో అయితే ఆ పని జరిగేది కాదనుకుంటాను.

మనకి బొంత కొత్తేం కాదు. మెత్తబడ్డ నూలు చీరలు పొరలుగా పరిచి కుట్టడం మన ముసలమ్మలకి తెలిసిన పనే, కాకపోతే దాన్ని పొదుపు కిందే లెక్కేశాం.

తర్వాత తెలిసింది, మా పిన్ని ఒక చీర ఎవరికీ చెప్పకుండా సింగ్‌నగర్ పట్టుకెళ్ళిందట. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు అదీ మునిగింది. ఎన్ని నీళ్ళు మార్చి ఉతికినా అంచు పొడుగునా బురద మరక పోలేదు. ఆమధ్య వీధిలోకి బొంతలు కుట్టేవాళ్ళొస్తే మిగతా పాతచీరలతో కలిపి ఇచ్చింది. కుట్టేవాడు మరక లోపలికి పోయేలా మడత వెయ్యబోతే, 'కొంగూ మరకా రెండూ పైకే ఉంచు బాబూ' అందట.