పెళ్లయ్యాక పెళ్లిచూపులు

నీళ్ల ప్రాజెక్టు కట్టేముందు ప్రత్యామ్నాయాలు చూడాలని రూల్ ఉంది. ఏ దారిన తెస్తే ఎంత ఖర్చు, ఎంత అడవి పోతుంది, ఎన్ని ఊళ్లు మునుగుతాయి, అన్నీ తూకం వేసి అప్పుడు ఒకటి ఎంచుకోవాలి. మనవాళ్లు రూల్ తప్పే రకం కాదు, కాకపోతే ముందు శంకుస్థాపన చేసి, టెండర్లు పిలిచి, పైపులు దింపి, ఆ తర్వాత తీరిగ్గా తూకం వేస్తారు. తాళి కట్టి కాపురం పెట్టాక పెళ్లిచూపులకు పోయినట్టు. పిల్ల నచ్చలేదంటారేమోనన్న టెన్షన్ ఎవరికీ ఉండదు.

మా నల్లగొండోళ్లం ఈ శాస్త్రంలో ఇంకో మెట్టు ఎక్కినం. కృష్ణా నీళ్లు సాగర్ నుంచి పంపుతో తోడితే కరెంటు బిల్లు, శ్రీశైలం నుంచి సొరంగం తవ్వితే వాటంతటవే వస్తాయి. ఏది మేలు? రెండూ! పుట్టంగండి దగ్గర సాగర్ నీళ్లు తోడుతూ బిల్లు కడుతూనే ఉన్నాం, ఆ బిల్లు తప్పించడానికి 43.93 కిలోమీటర్ల సొరంగం తవ్వుతూనే ఉన్నాం. 2005లో దానికి 2,813 కోట్లన్నారు. పైన అమ్రాబాద్ పులుల అడవి, మధ్యలో ఎక్కడా పైనుంచి దారి తీయొద్దు, కాబట్టి రెండు కొసల నుంచే తవ్వాలి. పులికి ఇబ్బంది లేకుండా చూడటం మంచిదే, నేను కాదనను. కానీ 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుంటే, వాళ్ల దగ్గరికి పోవడానికి ఉన్నది కూడా అదే ఒక్క దారి, పద్నాలుగు కిలోమీటర్లు. ఈ లెక్క ఏ పట్టికలో ఏ గడిలో వేశారో నాకు కనపడలేదు.

పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల ప్రాజెక్టు సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. 2015లో 35,200 కోట్లతో మొదలైంది, లక్షల ఎకరాలకు సాగునీళ్లన్నారు. పర్యావరణ అనుమతి ఏదని అడిగేసరికి ప్రాజెక్టుకు హఠాత్తుగా దాహం వేసింది, ఎందుకంటే తాగునీటికైతే ఆ అనుమతి అక్కర్లేదు. అనుమతి లేకుండా పనులు చేశారని, పర్యావరణ కేసులు చూసే హరిత ట్రిబ్యునల్ 2022 డిసెంబరులో దీనికీ డిండి ఎత్తిపోతలకూ కలిపి 900 కోట్లు దాటిన జరిమానా వేస్తే, 2023లో సుప్రీంకోర్టు దాన్ని ఆపి 7.15 టీఎంసీల తాగునీటి పనులు చేసుకోమంది.

ఒకసారి ఇట్లాంటి ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి కోసం పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణకు నేనూ పోయిన. షామియానా, కుర్చీలు, ఫ్లోరైడ్ ఊరు కదా అని సార్లకు సీసాల్లో నీళ్లు, మాకు క్యాన్ల నీళ్లు. పంచిన కాగితంలో మూడు ప్రత్యామ్నాయాలు: ఒకటి ఖర్చు ఎక్కువని కొట్టేశారు, ఇంకొకటి ఏమీ కట్టకపోవడం, అది అభివృద్ధికి అడ్డమని కొట్టేశారు. మిగిలిన దాని గొప్పతనం సారు మైకులో చెప్తున్నాడు గానీ, అదే పనికి పక్క గుట్ట మీద ప్రొక్లెయిన్ తవ్వుతుండటంతో ఆ చప్పుడుకి సగం వినపడలేదు.

ముందు వరసలోని ముసలాయన లేచి, "సారూ, మా చెరువుకు గుట్టల నుంచి నీళ్లొచ్చే పాటుకాలువ పూడిపోయింది, అది తెరిపిస్తే ఎంతైతది?" అన్నాడు.

"అది ఈ పట్టికలో లేదు తాతా, కూర్చో" అన్నాడు సారు.

తాత కూర్చున్నాడు. రిజిస్టర్ పట్టుకుని తిరుగుతున్న పిలగాడు వేలిముద్ర వేయించుకుని, ఆయన పేరు ఎదురుగా 'అనుకూలం' అని రాసుకున్నాడు.