వేలికి రాయి

కుడిచేతి చూపుడువేలు ఇంకా మంటగా ఉంది కాబట్టి మిగతా వేళ్లతో టైప్ చేస్తున్నాను. అక్షరదోషాలుంటే పాపం ఎవరిదో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

రాతి పెన్ను చేద్దామనుకున్నాను. చెక్క పెన్నులు నాలుగు చేశాక ఒక పొగరు వస్తుంది, ఆ పొగరుతో. రాయంటే కొండరాయి కాదు. రాతిపొడిని రెసిన్ అనే గట్టిపడే ప్లాస్టిక్‌తో కలిపి అచ్చుపోసిన దిమ్మె. అందులో రాయి పాలే ఎక్కువ. చేతిలోకి తీసుకుంటే చల్లగా, బరువుగా ఉంటుంది. లేత్ మీద తిప్పుతూ చెక్కను చెక్కే మామూలు ఉలి ఆనిస్తే కాసేపట్లో దాని పదును హరీ. టంగ్‌స్టన్ కార్బైడ్ అనే మహా గట్టి పదార్థం ముక్క బిగించిన ఉలి ఉండాలి. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే ఆయన ఖనిజాల గట్టితనానికి 1 నుంచి 10 దాకా మార్కులు వేశాడు. టాల్కుకు 1, వజ్రానికి 10. నేను కొన్న దిమ్మె టర్కాయిస్ అనే నీలిరాయి రంగుది. అసలు టర్కాయిస్‌కి 5కీ 6కీ మధ్య వస్తాయి. కస్టమర్ కేర్ వాళ్లకి ఎన్ని వెయ్యాలో మోస్ చెప్పలేదు.

దిమ్మెని రెండు ముక్కలు కోశాను. డ్రిల్ చేశాను. ఆ గంటన్నర గురించి మాట్లాడదలచుకోలేదు. వేడెక్కితే పగులుతుందని కాస్త దించడం, బిట్ బయటికి తియ్యడం, పొడి దులపడం, మళ్లీ దించడం. మాస్క్ మాత్రం పెట్టుకున్నాను. ఆరోజు సరిగ్గా చేసిన పని అదొక్కటే.

ఇక గొట్టం. రాతిముక్క నిలువునా చేసిన రంధ్రంలో 7 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం దూర్చి అంటించాలి. పెన్ను భాగాలన్నీ ఆ గొట్టంలోకే బిగుస్తాయి. పెన్ను భాగాలతో వచ్చే కిట్‌లో రెండు గొట్టాలొచ్చాయి. వాటిలో ఒకదాని అంచు సొట్టపోయి ఉంది. అది ముందే చూసుకోవాల్సింది, చూసుకోలేదు. గొట్టాన్ని లోపలికి తోయడానికి చిన్న పిడిలాంటి సాధనం ఒకటి దొరుకుతుంది. వేలుండగా దండగెందుకని కొనలేదు. నేను చూసి నేర్చుకున్న వీడియోలో మహానుభావుడు "ఇప్పుడు దీన్ని లోపలికి పంపేద్దాం" అంటాడు, టక్కున కట్. మళ్లీ కనిపించేసరికి గొట్టం లోపల, ఆయన మొహాన చిరునవ్వు. ఆ కట్‌కీ కట్‌కీ మధ్య ఏం జరిగిందో నాకు ఇప్పుడు బాగా తెలుసు.

గొట్టానికి సూపర్ గ్లూ పూసి తిప్పుతూ తోశాను. సగం వెళ్లి సొట్ట దగ్గర ఆగింది. జిగురు బిగిసేలోపు కానివ్వాలన్న టెన్షన్‌లో చూపుడువేలు ఆనించి గట్టిగా నొక్కాను. గొట్టం వెళ్లింది. వేలు రాలేదు.

ఈ జిగురు పుట్టుకే అలాంటిది. 1942లో హ్యారీ కూవర్ అనే శాస్త్రవేత్త బృందం తుపాకీ గురి చూసే పరికరాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతూ దీన్ని తయారుచేసింది. ముట్టుకున్న ప్రతిదానికీ అతుక్కుంటోందని విసుక్కుని పక్కన పడేశారు. ఆ విసుగు మీద నిలబడి ఉంటే ఇవాళ నా వేలు నాకుండేది. 1958లో మార్కెట్‌లోకి వదిలారు. పైగా ఇది ఆరేది గాలికి కాదు, తేమకి. టెన్షన్‌లో చెమట పట్టిన వేలికంటే దానికి ఇంకేం కావాలి?

వేలి చివర రెండంగుళాల నీలిరాయి వేలాడుతోంది. ఊపాను. రాలేదు. మా అబ్బాయి వచ్చి "నాన్నా, పెన్‌డ్రైవ్ పెట్టుకున్నావా?" అన్నాడు. మా ఆవిడ వచ్చి కాసేపు చూసి, "ఏమండీ, రాయి అంటే ఉంగరంలో పెట్టించుకుంటారండీ" అంది.

ఎసిటోన్ పోస్తే జిగురు కరుగుతుంది. మా ఆవిడ నెయిల్ పాలిష్ రిమూవర్ తెచ్చింది. సీసా మీద 'ఎసిటోన్ లేనిది' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అసలైన ఎసిటోన్ నా పనిముట్ల అరలోనే ఉంది కానీ, అది తగిలితే రాయిని పట్టి ఉంచిన రెసిన్ కూడా మెత్తబడుతుంది. వేలు కావాలా, పెన్ను కావాలా? ఆలోచించాను. నేను ఆలోచిస్తున్నానన్న సంగతి మా ఆవిడ కనిపెట్టేసింది. ఇప్పటికీ అదే అంటోంది.

ఈలోగా గుర్తొచ్చింది, కిట్ వాపసుకి గడువు ఆ రాత్రితో సరి. ఎడమచేత్తో చాట్ తెరిచాను.

"గొట్టం సొట్టపోయి వచ్చింది."

"మీ ఇబ్బంది మాకు అర్థమైంది. ఫొటో పంపండి."

పంపాను.

"ఫొటోలో వస్తువు మాత్రమే ఉండాలి. మీ చెయ్యి కనిపిస్తోంది."

"చెయ్యి వస్తువుకి అంటుకుని ఉందండీ."

"అర్థమైంది. చెయ్యి లేకుండా ఫొటో పంపండి."

నాలుగు రకాలుగా విడమరిచి చెప్పాను. నాలుగుసార్లూ అర్థమైందన్నారు. నాలుగుసార్లూ చెయ్యి తీసేయమన్నారు. పోనీ మెషిన్ అనుకుందామంటే మధ్యలో ఒకసారి "అయ్యో" అని కూడా వచ్చింది.

చివరికి గోరువెచ్చటి సబ్బునీళ్లలో ముంచి కూర్చున్నాను. లాగకూడదు, అటూ ఇటూ మెల్లగా దొర్లించాలి. నలభై నిమిషాలకు ఒక అంచు లేచింది. ఇంకో పదికి ఊడింది. వేలి మీద తెల్లటి అట్టు, రాయి మూతి మీద నా చర్మం పలచటి పొర. గీతగీతా స్పష్టంగా, తహసీల్దారు ఆఫీసులో కూడా అంత చక్కటి వేలిముద్ర పడదు. ఫోన్ మాత్రం ఆ వేలిని గుర్తుపట్టడం మానేసింది.

పదకొండున్నరకి, చెయ్యి లేకుండా, మంచి వెలుతురులో ఫొటో తీసి పంపాను. జవాబు వెంటనే వచ్చింది: "ఫొటోలో వేలిముద్ర కనిపిస్తోంది. వాడిన వస్తువును వాపసు తీసుకోలేము. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"