దూరదర్శన్ పాఠాలకు మార్కులు వేసే ముందు

మా వరంగల్ వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: పాత విద్యా చిత్రాలు, దూరదర్శన్ నాటకాలు పెట్టుకుని రెండు నిమిషాలు కూర్చోలేం. అంతా సాగదీత, అరుపులు, నీతిబోధ. అప్పట్లో వేరే చానల్ లేక చూశారు. ప్రేక్షకుడే జడ్జి, ఆయన తీర్పు ప్రకారం ఇవి ఇప్పుడు దేనికీ పనికిరావు.

ప్రేక్షకుడే జడ్జి అన్న మాట నాకూ సమ్మతమే. ఏ ప్రేక్షకుడు అన్నదే నా ప్రశ్న.

ముందు సాగదీత సంగతి. పత్తి పురుగుల మీద తీసిన ఒక పాత చిత్రం చూశాను. లేత ఆకు మీద గసగసాల గింజంత శనగపచ్చ పురుగు గుడ్డు. కెమెరా దాని మీదే ఆగిపోతుంది. రైతు వేలు వచ్చి ఆకును తిప్పుతుంది. మళ్లీ గుడ్డు, మళ్లీ ఆకు. ఫోన్‌లో చూసేవాళ్లకు విసుగే. కానీ ఊరి నడుమ తెర కట్టి ప్రొజెక్టర్‌తో వేసిన బొమ్మను ఎవరికి వారు వెనక్కి తిప్పుకోలేరు. పొద్దున చేనుకు పోయి ఆ గుడ్డును పోల్చుకోవలసిన మనిషి ఎక్కడో వెనక వరసలో నిలబడి ఉంటాడు. పరకాలలోనో నర్సంపేటలోనో పత్తి వేసినవాళ్లను అడగండి, గుడ్డు దశలో కనిపెట్టడానికీ పురుగు కాయలోకి దూరాక చూడటానికీ తేడా ఎంతో చెబుతారు. ఆ షాట్ ఇంకాస్త సేపు ఉంచినా నేను తప్పు పట్టను.

అరుపులంటారా, పంచాయతీ ఆఫీసు ముందు ఒక్క టీవీ, చుట్టూ ఊరంతా, పిల్లల గోల. నటులు గొంతు తగ్గిస్తే వెనకవాళ్లకు ఏం వినపడుతుంది?

వేరే గతి లేక చూశారన్నది సగం నిజం. ఉన్నది ఒక్కటే చానల్ కాబట్టి ఎంతమంది చూశారన్న లెక్క గొప్పతనానికి రుజువు కాదు. అయితే నచ్చలేదనడానికీ అది రుజువు కాదు. ఆ సంగతి అప్పుడే అడిగి తెలుసుకున్నారు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు 'సైట్' ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 ఊళ్లకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు అందాయి. మన వరంగల్ అందులో లేదు గానీ మెదక్, మహబూబ్‌నగర్ ఊళ్లున్నాయి. ప్రయోగానికి ముందు, నడుస్తుండగా, ముగిశాక సర్వేలు చేశారు. కొన్ని ఊళ్లలో పరిశోధకులు నెలల తరబడి ఉండిపోయి జనం మధ్యే గమనించారు.

నీతిబోధ విషయంలోనూ ప్రేక్షకులు నోరు మూసుకుని కూర్చోలేదు. 1984లో మొదలైన హిందీ సీరియల్ 'హమ్ లోగ్'లో కుటుంబ నియంత్రణ పాఠం మరీ ఎక్కువైందని జనం విసుక్కున్నారు. మొదటి 13 ఎపిసోడ్ల తర్వాత ఆ మోతాదు తగ్గించి కథను ముందుకు తెచ్చారు. సీరియల్ నడిచిన 17 నెలల్లో దాదాపు 4 లక్షల ఉత్తరాలు వచ్చాయి. గతిలేక చూసేవాళ్లు కూర్చుని ఉత్తరం రాస్తారా?

నిజంగా తప్పిన కార్యక్రమాలూ ఉన్నాయి. కాలేజీ చదువుల కోసం యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 1984లో టీవీలో మొదలుపెట్టిన పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉండేవి. తెలుగు మీడియంలో చదివి డిగ్రీకి వచ్చిన మన జిల్లా పిల్లలకు అవి అందలేదు. ఫొటోగ్రఫీ ఎంత బాగున్నా, ఆ పిల్లల లెక్కలో వాటికి నేను తక్కువ మార్కులే వేస్తాను.

ఇప్పుడు దేనికీ పనికిరావన్న మాటకొస్తే, నేను చూసిన ఆ పత్తి చిత్రంలోనే రెండు రకాల సరుకుంది. చివర్లో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు కొట్టమంటారు. దాన్ని 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది. ఆ సలహాకు కాలం చెల్లింది. గుడ్డును పోల్చుకునే పద్ధతికి చెల్లలేదు. ఎక్కడైనా రైతుల ముందు ఆ చిత్రం వేసేవాళ్లు మందు పేరు రాకముందే ఆపి, దాన్ని నిషేధించారన్న సంగతి గట్టిగా చెప్పాలి.