ఈ ఆదివారం ఈగల్స్‌కు లెక్కలు లేవు, ఆటే మిగిలింది

ఈ ఆదివారం, 2025 ఆగస్టు 24న, పెర్త్‌లో సిడ్నీ స్వాన్స్‌తో ఆడబోయే మ్యాచ్‌తో వెస్ట్ కోస్ట్ ఈగల్స్ 2025 సీజన్ ముగుస్తుంది. ఆ రోజు గెలిచినా ఓడినా పట్టికలో జట్టు స్థానం మారదు. ఇప్పటిదాకా 22 మ్యాచ్‌లు ఆడితే మే నెలలో సెయింట్ కిల్డాపై దక్కిన గెలుపు ఒక్కటే. మిగిలిన 21 ఓటములే. పద్దెనిమిది జట్ల ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో అట్టడుగు స్థానం ఎప్పుడో ఖాయమైపోయింది. 1987లో బరిలోకి దిగిన నాటి నుంచి ఈ క్లబ్బు ఇంత దారుణమైన ఏడాదిని చూడలేదు.

అయినా ఈ ఏడాది మ్యాచ్‌లన్నింటిలో నాకు దీని మీదే ఎక్కువ ఆశ ఉంది. కారణం చెప్పే ముందు, ఈ ఆటతో పరిచయం లేనివారి కోసం నాలుగు మాటలు. క్రికెట్ మైదానంలాంటి అండాకార మైదానంలో ఒక్కో జట్టు నుంచి 18 మంది ఆడతారు. ఒక్కో చివర నాలుగు స్తంభాలు ఉంటాయి. మధ్య రెండింటి నడుమ నుంచి బంతిని తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్క స్తంభాల మధ్య నుంచి పోతే బిహైండ్, ఒక్క పాయింటు. బంతిని కాలితో తన్నవచ్చు, పిడికిలితో కొట్టి అందించవచ్చు, చేత్తో విసరకూడదు. తన్నిన బంతి పదిహేను మీటర్లకు తగ్గకుండా వచ్చి, నేల తాకకముందే చేతికి చిక్కితే దాన్ని మార్క్ అంటారు. అప్పుడు ఎవరూ అడ్డుపడకుండా బంతిని తన్నే అవకాశం దొరుకుతుంది.

మ్యాచ్ జరిగే ఆప్టస్ స్టేడియం మాత్రం తెలుగు పాఠకులకు కొత్త కాదు. 2024 నవంబరులో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి తొలి టెస్టు ఆడింది ఇక్కడే. జట్టంతా 150కి కుప్పకూలిన ఆ ఇన్నింగ్స్‌లో అతను చేసిన 41 పరుగులే అత్యధికం. స్వదేశంలో న్యూజిలాండ్ చేతిలో 0-3తో ఓడి వచ్చిన భారత జట్టు ఇక్కడ 295 పరుగుల తేడాతో గెలుస్తుందని ఆ ఉదయం ఎవరూ అనుకోలేదు. అరవై వేల మంది పట్టే ఈ స్టేడియమే ఈగల్స్ సొంతగడ్డ. లక్షకు పైగా సభ్యులున్న క్లబ్బు ఇది. ఇంతగా ఓడుతున్న ఏళ్లలో కూడా వాళ్లు సభ్యత్వం వదులుకోలేదు.

ప్రత్యర్థి సిడ్నీ కావడం వల్ల ఈ మ్యాచ్‌కు మరింత బరువు వచ్చింది. ఒకప్పుడు ఈ రెండు జట్లూ తలపడితే చివరి సైరన్ మోగేదాకా ఫలితం తేలేది కాదు. సీజన్ విజేతను తేల్చే తుదిపోరును గ్రాండ్ ఫైనల్ అంటారు. 2005 గ్రాండ్ ఫైనల్‌లో సిడ్నీ నాలుగు పాయింట్లతో గెలిచింది. 2006 గ్రాండ్ ఫైనల్‌లో ఈగల్స్ 85-84తో, ఒకే ఒక్క పాయింటుతో గెలిచింది. 2005 ఫైనల్స్ (సీజన్ చివర పైజట్ల మధ్య జరిగే పోటీలు) నుంచి 2007 తొలి మ్యాచ్ దాకా వరుసగా ఆరు మ్యాచ్‌లలోని తేడాలన్నీ కలిపితే పదమూడు పాయింట్లు. రెండు గోల్స్ కన్నా ఒక్క పాయింటు ఎక్కువ, అంతే.

2005 ఫైనల్ చివరి క్షణాలు ఈ ఆటను ప్రేమించేవారెవరూ మరువరు. ఈగల్స్ నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. ఈగల్స్ రక్‌మన్ (బౌన్స్ చేసిన బంతి కోసం ఎగిరే పొడగరి ఆటగాడు) డీన్ కాక్స్ బంతిని గోల్ వైపు బలంగా, ఎత్తుగా తన్నాడు. కింద రెండు జట్ల ఆటగాళ్లు గుంపుగా ఎగిరారు. సిడ్నీ డిఫెండర్ లియో బ్యారీ పక్క నుంచి దూసుకొచ్చి, ఆ గుంపు మీదుగా బంతిని రెండు చేతులతో అందుకున్నాడు. సైరన్ మోగింది. ఆ రోజు ఆ బంతిని తన్నిన కాక్స్ మరుసటి ఏడాది ఈగల్స్ తరఫున ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) గెలిచాడు, మొత్తం 290 మ్యాచ్‌లు ఆడాడు. ఇప్పుడతను సిడ్నీ హెడ్ కోచ్. ఆదివారం తన పాత జట్టుకు ఎదురుగా కూర్చోబోతున్నాడు.

ఆ రోజులు అలా ఉంటే, 2023 జూన్‌లో సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో స్కోరు 205-34. ఈగల్స్ 171 పాయింట్ల తేడాతో ఓడింది. క్లబ్బు చరిత్రలోనే అతి పెద్ద పరాజయం అది. చాలామంది ఆ అంకెను మాత్రమే గుర్తుపెట్టుకున్నారు. నేను ఆ తర్వాతి వారాన్నీ గుర్తుపెట్టుకున్నాను. మెల్‌బోర్న్‌లో సెయింట్ కిల్డాతో ఆడిన ఆ మ్యాచ్‌లో ఈగల్స్ ఓడింది ఎనిమిది పాయింట్లతోనే. ఏడు రోజుల్లో ఆటగాళ్ల నైపుణ్యం పెరిగిపోదు, గాయాలన్నీ మానిపోవు. బంతి కోసం దూకే తెగువ మాత్రం ఏడు రోజుల్లో తిరిగి రాగలదు. ఈ ఆదివారం ఆ తెగువ కనిపిస్తుందా లేదా అన్నదే నా ప్రశ్న.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ లీగ్‌లో కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ పట్టికకు తలకిందులుగా సాగుతుంది. చివరి స్థానంలో ఉన్న జట్టుకు తొలి ఎంపిక. ఐపీఎల్ వేలంలోలాగా డబ్బు పెట్టి కొనే వీలు లేదు. అందుకే ఆగస్టు వచ్చేసరికి అట్టడుగు జట్ల అభిమానుల్లో ఒక వాదన బయలుదేరుతుంది: ఎలాగూ ఓడుతున్నాం, ఇంకా ఓడితే మంచి కుర్రాడు వస్తాడు కదా అని. ఇంత ఘోరంగా ఓడిన జట్టుకు లీగ్ ప్రత్యేక సాయంగా అదనపు ఎంపిక కూడా ఇవ్వాలన్న చర్చ ఈ ఏడాది ఈగల్స్ చుట్టూ నడుస్తోంది. ఓటమి మీద ఆశ పెట్టుకునే ఈ ఆలోచన నాకు ఏ కోశానా నచ్చదు. నచ్చకపోవడం సరే, అది పనిచేయదని కూడా చరిత్ర చెబుతోంది.

మెల్‌బోర్న్ డీమన్స్ సంగతే చూడండి. 2009లో ఆ జట్టు గెలిచింది నాలుగే మ్యాచ్‌లు. ఆ సీజన్‌లో వాళ్లు గెలవడానికి నిజంగా ప్రయత్నించారా అన్న అనుమానంపై లీగ్ చాలాకాలం విచారణ జరిపింది. కావాలని ఓడినట్టు రుజువు కాలేదంటూనే 2013లో క్లబ్బుకు 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఆ ఓటములకు ప్రతిఫలంగా 2009 డ్రాఫ్ట్‌లో దక్కిన మొదటి రెండు ఎంపికలు టామ్ స్కల్లీ, జాక్ ట్రెన్‌గోవ్. స్కల్లీ రెండు సీజన్లకే వేరే జట్టుకు వెళ్లిపోయాడు. ట్రెన్‌గోవ్ నెత్తిన పసి వయసులోనే సహ కెప్టెన్సీ పెట్టారు, తర్వాత గాయాలు అతణ్ని వెనక్కి లాగాయి. 2011లో ఆ జట్టు గీలాంగ్ చేతిలో 186 పాయింట్ల తేడాతో ఓడింది. అదే 2009 డ్రాఫ్ట్‌లో 34వ ఎంపికగా వచ్చిన మ్యాక్స్ గాన్ మాత్రం నిలిచాడు. 2021లో 57 ఏళ్ల నిరీక్షణ తర్వాత మెల్‌బోర్న్ ప్రీమియర్‌షిప్ గెలిచినప్పుడు కెప్టెన్ అతనే. కొవిడ్ కారణంగా ఆ గ్రాండ్ ఫైనల్ జరిగింది పెర్త్‌లో, ఈ ఆప్టస్ స్టేడియంలోనే.

మధ్యలో ఏం జరిగింది? 2005లో సిడ్నీని గెలిపించిన కోచ్ పాల్ రూస్ 2013 చివర్లో మెల్‌బోర్న్ పగ్గాలు పట్టాడు. ముందు ఎదుటి జట్టును ఆపడం నేర్పాడు. అతను రాకముందు, 2013లో రెండే గెలుపులు. తర్వాత నాలుగు, ఏడు, పది. పైస్థాయి ఎంపికలుగా వచ్చిన పెట్రాకా, ఆలివర్‌లు ఎదిగింది కూడా ఆ జట్టులోనే. ప్రతిభ అవసరం లేదని నేననడం లేదు. అయితే గెలవడం మరిచిపోయిన జట్టులోకి వచ్చిన ప్రతిభ అక్కడే వాడిపోతుంది, లేదంటే దారి చూసుకుంటుంది. నార్త్ మెల్‌బోర్న్ అనే మరో క్లబ్బు 2021 చివర్లో తొలి ఎంపికగా తెచ్చుకున్న జేసన్ హోర్న్-ఫ్రాన్సిస్ ఒక్క సీజన్ ఆడి పోర్ట్ అడిలైడ్‌కు వెళ్లిపోయాడు. ఆ తర్వాత లీగ్ ఆ క్లబ్బుకు అదనపు సాయం కూడా చేసింది. అయినా 2023లో మూడు గెలుపులు, 2024లో మళ్లీ మూడే.

మన ఈగల్స్ సంగతికే వద్దాం. 2018 గ్రాండ్ ఫైనల్‌లో కాలింగ్‌వుడ్‌పై ఈగల్స్ ఐదు పాయింట్లతో గెలిచింది. రెండు నిమిషాలు కూడా మిగలని సమయంలో జెరెమీ మెక్‌గవర్న్ డిఫెన్స్‌లో ఎగిరి మార్క్ పట్టాడు. అక్కడి నుంచి నేథన్ వార్డీకి, వార్డీ నుంచి లియమ్ ర్యాన్‌కు, ర్యాన్ నుంచి డామ్ షీడ్‌కు బంతి చేరింది. షీడ్ నిలబడిన చోటు దాదాపు బౌండరీ గీత మీద. అంత వాలు కోణం నుంచి గోల్ కొట్టాడు. ఆ నలుగురిలో ఎవరూ డ్రాఫ్ట్‌లో తొలి పది మందిలో ఎంపికైనవారు కారు. మెక్‌గవర్న్ అయితే ప్రధాన డ్రాఫ్ట్‌లో ఎవరికీ పట్టక రూకీగా, అంటే అదనపు జాబితా ఆటగాడిగా, వచ్చినవాడు. రెండో ఎంపికగా వచ్చిన నిక్ నైటనూయి గాయంతో, నాలుగో ఎంపికగా వచ్చిన ఆండ్రూ గాఫ్ నిషేధంతో ఆ రోజు మైదానం బయటే ఉన్నారు.

ఆ తరం ఒకరి వెనక ఒకరుగా వెళ్లిపోయింది. జోష్ కెనడీ, షానన్ హర్న్, లూక్ షూయీ, నైటనూయి, గాఫ్ రిటైరయ్యారు. తలకు తగిలిన దెబ్బల కారణంగా వైద్యుల సలహాపై మెక్‌గవర్న్ ఈ ఏడాదే ఆట మానేశాడు. ఇంకో ప్రీమియర్‌షిప్ దక్కుతుందన్న నమ్మకంతో 2019 చివర్లో గీలాంగ్ ఆటగాడు టిమ్ కెల్లీ కోసం రెండు తొలి రౌండు డ్రాఫ్ట్ ఎంపికలు వదులుకున్నారు. కెల్లీ మంచి ఆటగాడే, కాదనను. కానీ వారసులను తయారుచేసుకోవలసిన సమయంలో క్లబ్బు పాతవారినే నమ్ముకుంది. నా దృష్టిలో ఈ పతనానికి అసలు కారణం అదే.

2010లోనూ ఈగల్స్ నాలుగు గెలుపులతో చివరి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాదే నాలుగో స్థానానికి ఎగబాకి ప్రిలిమినరీ ఫైనల్ (సెమీఫైనల్ లాంటిది) ఆడింది. ఇప్పుడు కూడా అలాగే జరుగుతుందని కొందరు మిత్రులు వాదిస్తుంటారు. నేను ఒప్పుకోలేను. అప్పుడు కుర్రాళ్ల పక్కన డీన్ కాక్స్ లాంటివారు నిలబడి ఉన్నారు, 2006 గెలుపు రుచి తెలిసినవారు. ఇప్పుడు 22 ఏళ్ల కుర్రాడు తల తిప్పి చూస్తే పక్కన కనిపించేది మరో 20 ఏళ్ల కుర్రాడు. రిచ్‌మండ్‌లో రెండు ప్రీమియర్‌షిప్‌లు గెలిచి సొంత రాష్ట్రానికి తిరిగి వచ్చిన లియమ్ బేకర్ విలువ అందుకే ఎక్కువ. మూడో ఎంపికను వదులుకుని అతణ్ని తెచ్చుకున్నారని విమర్శించేవారు ఇంకా ఉన్నారు. నేలమీద పడిన బంతి కోసం ముందుగా ఒంగేవాడు జట్టులో ఒకడైనా ఉండాలి కదా. కుర్రాళ్లు చూసి నేర్చుకునేది అదే.

కోచ్ ఆండ్రూ మెక్‌క్వాల్టర్‌కు ఇది తొలి ఏడాది. ఒక్క గెలుపుతో అతన్ని తీర్పు తీర్చడం అన్యాయం. ఇంకో సీజన్ పూర్తిగా ఇవ్వాలి. కాకపోతే ఆదివారం అతని జట్టు నుంచి నేను రెండు విషయాలు చూడాలనుకుంటున్నాను. మొదటిది సెంటర్ బౌన్స్ దగ్గర, అంటే మైదానం మధ్యలో అంపైర్ బంతిని నేలకు కొట్టి ఆట మొదలుపెట్టే చోట. బంతి తొలుత ప్రత్యర్థికి చిక్కినా వాళ్లు రెండో అడుగు వేయకముందే మనవాడు మీద పడాలి. ఈ ఏడాది చాలాసార్లు సిడ్నీకన్నా బలహీనమైన మిడ్‌ఫీల్డ్‌లు కూడా మన మధ్య నుంచి తీరుబడిగా పరుగెత్తడం చూశాం. రెండోది వెనక వైపు. రూబెన్ జిన్‌బీ లాంటి కుర్రాడు ఒంటరిగా మార్క్ కోసం ఎగిరినప్పుడు కింద ఇద్దరు సిద్ధంగా ఉండాలి. పక్కన మెక్‌గవర్న్ లేని డిఫెన్స్ ఎలా నిలబడుతుందో వచ్చే ఏడాదికి ముందే తెలియాలి. సీజన్ మధ్యలో జరిగే డ్రాఫ్ట్‌లో తొలి ఎంపికగా వచ్చిన టామ్ మెకార్తీ అక్కడి నుంచి బంతిని బయటికి తెస్తున్న తీరు నాకు నచ్చింది. ఇంత చేదు ఏడాదిలోనూ కొత్తగా వచ్చినవాడు భయం లేకుండా ఆడగలడని అతను చూపించాడు.

సిడ్నీ కూడా ఫైనల్స్‌కు దూరమైంది, పోగొట్టుకునేది వాళ్లకూ లేదు. నిరుడు గ్రాండ్ ఫైనల్ ఆడిన జట్టు కాబట్టి ఆటలో తేడా కనబడుతుంది. నా అంచనా ప్రకారం సిడ్నీ నాలుగైదు గోల్స్ తేడాతో గెలుస్తుంది. అభిమానిగా నా కోరిక మాత్రం వేరు. చివరి స్థానం ఖాయమైపోయింది కాబట్టి గెలిస్తే పోయే ఎంపిక లేదు, ఓడితే వచ్చే ఎంపికా లేదు. ఓటమిలో లాభం వెతికే వాదనకు ఈ మ్యాచ్‌లో తావే లేదు. అందుకే ఈగల్స్ గెలవాలని ఏ శషభిషలూ లేకుండా కోరుకుంటున్నాను. గెలవకపోతే, మూడో క్వార్టర్ ముగిసేసరికి తేడా మూడు గోల్స్ లోపు ఉంచగలిగినా వచ్చే ఏడాది సభ్యత్వ రుసుము సంతోషంగా కడతాను. అలా కాక మొదటి క్వార్టర్‌లోనే చేతులెత్తేస్తే, కొత్తగా వచ్చే తొలి ఎంపిక కుర్రాడికి మీరు ఏం నేర్పబోతున్నారని క్లబ్బు పెద్దలను సోమవారం ఉదయమే అడగాలి.