రాష్ట్రపతి రబ్బరు స్టాంపేనా? జోన్ల కోసం కొట్లాడిన మనమేనా ఆ మాట అనేది

2025 పంచాయతీ ఎన్నికల ముందు నుంచీ నల్గొండ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "రాష్ట్రపతి అంటే రబ్బరు స్టాంపు. కేబినెట్ ఏది పంపితే దాని మీద సంతకం పెట్టడమే పని. ఇంతవరకు ఒక్క రాష్ట్రపతీ ప్రభుత్వానికి అడ్డు చెప్పలేదు. మన ఊళ్లకూ మన ఉద్యోగాలకూ ఆ పదవితో సంబంధమే లేదు. 340 గదుల భవనం దండగ ఖర్చు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఒకటే."

గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదువుతున్న పిల్లలు కూడా దీన్ని ఫార్వర్డ్ చేస్తుంటే మనసుకు కష్టంగా ఉంది. ఏ జిల్లా పోస్టుకు వాళ్లు లోకల్ అవుతారో తేల్చేదే రాష్ట్రపతి ఉత్తర్వు. అందుకే ఒక్కో మాటా తీసుకొని జవాబు రాస్తున్నాను.

"సంతకం పెట్టడమే పని"

ఇందులో సగం నిజం ఉంది, దాన్ని కాదనను. రాజ్యాంగం 74వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడవాలి. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో, 42వ సవరణ తెచ్చి ఆ ముడిని ఇంకా బిగించారు. ఎమర్జెన్సీ పోయాక 1978లో వచ్చిన 44వ సవరణ కొంత వెసులుబాటు ఇచ్చింది. సలహా సరిగా లేదనిపిస్తే మళ్లీ ఆలోచించమని రాష్ట్రపతి ఒకసారి వెనక్కి పంపొచ్చు. అదే సలహా తిరిగి వస్తే మాత్రం ఒప్పుకోవాల్సిందే. పార్లమెంటు పాస్ చేసిన బిల్లులను కూడా, ద్రవ్య బిల్లులు తప్ప, 111వ అధికరణ కింద ఒకసారి తిప్పి పంపొచ్చు.

ఒక్కసారికే ఏమవుతుందని అడుగుతారు. చాలా అవుతుంది. అప్పటిదాకా తలుపులు మూసుకొని చేసుకున్న నిర్ణయం తెల్లారేసరికి పేపర్లోకి వస్తుంది. ఎందుకు వెనక్కి పంపారని ప్రతిపక్షం అడుగుతుంది, లాయర్లు అడుగుతారు, బస్టాండ్ దగ్గర టీ తాగే మనిషి కూడా అడుగుతాడు. ప్రభుత్వం జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ పదవికి పాలించే అధికారం లేదు. దేశం ముందు ఒక ప్రశ్న పెట్టే అధికారం మాత్రం ఉంది. ఎవరు దాన్ని వాడారు, ఎవరు వాడకుండా వదిలేశారు అన్నదే మనం చూడాలి.

పోస్టు రాసినవాళ్లు పూర్తిగా మరిచిపోయింది 201వ అధికరణను. గవర్నర్ రాష్ట్రపతికి పంపిన రాష్ట్ర బిల్లును అసెంబ్లీ రెండోసారి పాస్ చేసినా ఆమోదించి తీరాలన్న నియమం లేదు. గడువూ లేదు. మన బీసీ బిల్లుల కథంతా అక్కడే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

"ఒక్కరూ అడ్డు చెప్పలేదు"

ఇది పచ్చి అబద్ధం. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో కల్యాణ్ సింగ్ ప్రభుత్వాన్ని తీసేసి రాష్ట్రపతి పాలన పెట్టాలని గుజ్రాల్ కేబినెట్ సిఫార్సు చేసింది. అప్పటి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని తిప్పి పంపారు. కేబినెట్ వెనక్కి తగ్గింది. మరుసటి ఏడాది బీహార్‌లో రబ్రీదేవి ప్రభుత్వం విషయంలో వాజ్‌పేయి కేబినెట్ అలాంటి సిఫార్సే పంపితే దాన్నీ తిప్పి పంపారు. ఢిల్లీలో ఉన్న పార్టీ మారింది, ఆయన తీరు మారలేదు. రాష్ట్రపతి పాలనకు దారిచ్చే 356వ అధికరణను ఇష్టం వచ్చినట్టు వాడొచ్చా అన్న చర్చకు ఆ రెండు తిరస్కరణలు ఇచ్చిన బలం చిన్నది కాదు. 1998లో అదే నారాయణన్ మామూలు ఓటరులా లైన్లో నిలబడి లోక్‌సభ ఎన్నికల్లో ఓటేశారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి అలా ఓటేయడం అదే మొదటిసారి. నోటితో ఒక్క మాట అనకుండానే ఒక మనిషి నడవడిక ఎంత చెప్పగలదో ఆ ఫోటో చూస్తే తెలుస్తుంది.

జనం ఉత్తరాలను ప్రభుత్వం తెరిచి చూసేందుకు దారిచ్చే పోస్టాఫీసు సవరణ బిల్లును 1986లో పార్లమెంటు పాస్ చేస్తే జైల్ సింగ్ సంతకం పెట్టలేదు. తిప్పీ పంపలేదు. అది చివరికి చట్టం కాలేకపోయింది. 2006లో లాభదాయక పదవుల బిల్లును అబ్దుల్ కలాం తిప్పి పంపారు. పార్లమెంటు మళ్లీ అదే పంపితే సంతకం పెట్టారు. అయినా ఆ మధ్య నెలల్లో లాభదాయక పదవి అంటే ఏంటో దేశమంతా మాట్లాడుకుంది.

రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ సగం నిజమే చెప్పినట్టవుతుంది. 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఎమర్జెన్సీ ప్రకటన మీద సంతకం పెట్టారు. ఆ ఒక్క సంతకంతో పేపర్ల గొంతు నొక్కుకుపోయింది, ప్రతిపక్ష నాయకులు జైళ్లకు పోయారు. అసలు చర్చే లేకుండా పోయింది. 2005లో బీహార్ అసెంబ్లీ రద్దుకు కలాం మాస్కో నుంచే ఆమోదం పంపారు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని తర్వాత సుప్రీంకోర్టు తేల్చింది. కలాం మీద నాకెంతో గౌరవం, కానీ ఆ రాత్రి ఆయన ఆగి ఒక ప్రశ్న వేసి ఉండాల్సిందనే నా అభిప్రాయం. మన తెలుగువాడైన నీలం సంజీవరెడ్డి 1979లో ప్రధాని చరణ్ సింగ్ రాజీనామా చేశాక జగ్జీవన్ రామ్‌కు అవకాశం ఇవ్వకుండా లోక్‌సభను రద్దు చేశారు. ఒక దళిత నాయకుడు ప్రధాని అయ్యే దారి ఎందుకు మూసుకుపోయిందన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. ఇవన్నీ ఉత్త స్టాంపు చేసిన పనులేనా?

"మన ఉద్యోగాలకు సంబంధం లేదు"

నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించిన మాట ఇది. తెలంగాణలో, అందులోనూ నల్గొండ, పాలమూరులో ఈ మాట ఎలా అనగలిగారు?

స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ గొడవలు, వాటిని చల్లార్చడానికి తెచ్చిన ఆరు సూత్రాల పథకం తర్వాత రాజ్యాంగంలో 371డి అధికరణ చేర్చారు. దాని కింద 1975 అక్టోబరులో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఎమర్జెన్సీ మీద సంతకం పెట్టిన ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ హయాంలోనే అదీ వచ్చింది. ఉద్యోగ నియామకాల కోసం అప్పటి ఆంధ్రప్రదేశ్‌ను ఆరు జోన్లు చేశారు. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు హైదరాబాద్, మెదక్, నిజామాబాద్‌లతో పాటు ఆరో జోన్‌లో పడ్డాయి. జిల్లా పోస్టుల్లో ఇంత, జోనల్ పోస్టుల్లో ఇంత స్థానికులకే అని రాసిపెట్టారు.

ఆ రాతను తుంగలో తొక్కారన్నదే కదా మన గోస. తెలంగాణ జిల్లాలున్న ఐదు, ఆరు జోన్లలో చేరిన స్థానికేతరులను వెనక్కి పంపాలని 1985 డిసెంబరు 30న 610 జీవో వచ్చింది. అది సరిగా అమలు కాలేదు. ఆ అమలు సంగతి తేల్చడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంలో మూడో మాట పుట్టింది ఆ ఉత్తర్వు ఉల్లంఘన నుంచే. ఉద్యమ సభల్లో "రాష్ట్రపతి ఉత్తర్వు ఎక్కడ పోయింది" అని ఎంతమంది గొంతు చించుకొని అడిగారో మా తరానికి గుర్తుంది. ఆ కాగితానికి విలువ లేకపోతే దాన్ని తొక్కినందుకు అంత కొట్లాట ఎందుకు జరిగింది?

రాష్ట్రం వచ్చాక 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు, డైరెక్ట్ రిక్రూట్‌మెంట్‌లో 95 శాతం స్థానికులకు. నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ఇప్పుడు యాదాద్రి జోన్. మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జోగులాంబ జోన్. అంటే ఒకప్పుడు హైదరాబాద్‌తో ఒకే జోన్‌లో ఉన్న మన రెండు జిల్లాలూ విడిపోయాయి. అది లాభమా నష్టమా అన్న వాదన కోచింగ్ సెంటర్లలో రోజూ వినిపిస్తుంది. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా బోనఫైడ్ల కోసం చిన్నప్పటి బడుల చుట్టూ తిరగడం, 317 జీవో కింద 2021 చివర్లో టీచర్లను వేరే జిల్లాలకు వేయడం, భార్య ఒక జిల్లాలో భర్త ఒక జిల్లాలో పడి ధర్నాలు చేయడం, వీటన్నిటికీ మూలం ఆ ఉత్తర్వే.

ఆ ఉత్తర్వులు కూడా కేబినెట్ సలహాతోనే వచ్చాయి కదా అంటారు. అవును. కానీ పోస్టు అన్నది మనకు సంబంధం లేదని. సంబంధం మన సర్టిఫికెట్లలోనే ఉంది.

రాష్ట్రం ఏర్పాటు సంగతి తీసుకోండి. కొత్త రాష్ట్రాల ఏర్పాటుకు వీలిచ్చే 3వ అధికరణ కింద విభజన బిల్లును 2013 డిసెంబరులో అసెంబ్లీ అభిప్రాయానికి పంపింది ప్రణబ్ ముఖర్జీ. గడువు పెంచాలని ఒత్తిడి వస్తే ఒక్క వారం పెంచి 2014 జనవరి 30కి సరిపెట్టారు. ఆ వారం మనందరికీ ఎంత టెన్షనో! ఎక్కువ గడువిస్తే ఎన్నికలు వచ్చి బిల్లు ఆగిపోతుందని భయం. మార్చి 1న ఆయన ఆమోదం వచ్చింది.

ఇక బీసీ బిల్లులు. విద్య, ఉద్యోగాల్లో ఒకటి, స్థానిక సంస్థల్లో ఒకటి, 42 శాతం రిజర్వేషన్ కోసం 2025 మార్చిలో అసెంబ్లీ రెండు బిల్లులు పాస్ చేసింది. అవి రాష్ట్రపతి దగ్గరికి వెళ్లి నెలల తరబడి కదల్లేదు. ఆగస్టులో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నా జరిగింది. స్థానిక సంస్థల్లో ఆ 42 శాతం కోసం రాష్ట్రం 9వ నంబరు జీవో తెస్తే అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇచ్చింది. అక్టోబరు 18న బంద్ జరిగింది. చివరికి డిసెంబరులో మూడు విడతల పంచాయతీ ఎన్నికలు, మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదన్న పరిమితికి లోబడే జరిగాయి. మన ఊళ్లలో ఎవరు సర్పంచ్‌గా నామినేషన్ వేయగలిగారు, ఎవరు ఆగిపోయారు అన్నది ఆ బిల్లు కదలకపోవడంతో ముడిపడింది. దీనికి బాధ్యత కేంద్రానిదా, రాష్ట్రానిదా, 50 శాతం పరిమితి పెట్టిన కోర్టు తీర్పులదా అన్నది వేరే వాదన. ఒక సంతకం రాకపోవడం ఒక రాష్ట్ర రాజకీయాన్నంతా ఏడాది పాటు నడిపించిందన్నది మాత్రం కళ్ల ముందు జరిగిందే.

అదే ఏడాది ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో గవర్నర్ పంపిన రాష్ట్ర బిల్లుల మీద తేల్చడానికి సుప్రీంకోర్టు రాష్ట్రపతికి మూడు నెలల గడువు పెట్టింది. మే నెలలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము సుప్రీంకోర్టు అభిప్రాయం అడిగే 143వ అధికరణ కింద 14 ప్రశ్నలు కోర్టుకే పంపారు. నవంబరు 20న ఐదుగురు జడ్జీల బెంచి, కోర్టులు గడువు పెట్టలేవని చెప్పింది. నా మట్టుకు నాకు ఇది నిరాశే. ఆమోదం ఇవ్వకపోతే కారణం చెప్పాలి, ఆ కారణం మీద మనం వాదించుకోవాలి. కారణమే చెప్పకపోతే వాదన దేని మీద చేస్తాం? పుకార్ల మీదే. ఇలాంటి పోస్టులు పుట్టేది కూడా ఆ ఖాళీలోనే.

"340 గదులు దండగ"

ఖర్చు గురించి అడగడం తప్పు కాదు, అడగండి. కానీ గదులు ఎక్కువున్నాయి కాబట్టి పదవికి పని లేదనడం వాదన కాదు. 2023 డిసెంబరులో ముర్ము భూదాన్ పోచంపల్లికి వచ్చి నేతన్నలతో మాట్లాడారు, సంతోషం. నేను లెక్కలోకి తీసుకునేది పర్యటనల కంటే ఫైళ్లనే.

"ఎవరు కూర్చున్నా ఒకటే"

1975లో నారాయణన్ లాంటి మనిషి ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కానీ 1997లో ఆయన బదులు అడగకుండా సంతకం పెట్టే మనిషి ఉంటే కల్యాణ్ సింగ్ ప్రభుత్వం ఆ రోజే పోయేది.

ఆ మనిషిని ఎన్నుకోవడంలో మన చేయి కూడా ఉంది. 2022 రాష్ట్రపతి ఎన్నికలో తెలంగాణ ఎమ్మెల్యే ఒక్కొక్కరి ఓటు విలువ 132. ఉమ్మడి నల్గొండలో 12 నియోజకవర్గాలు, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14. రెండూ కలిపితే 3,432. నల్గొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీల ఓట్లు దానికి అదనం. పైగా ఈ ఎన్నికలో పార్టీ విప్ చెల్లదు, ఓటు రహస్యం. ముర్ము పదవీకాలం 2027 జులైలో ముగుస్తుంది. రాష్ట్రాల బిల్లులను కారణం చెప్పకుండా ఆపబోనని మాట ఇచ్చే అభ్యర్థికే ఓటేస్తావా అని మన ఎమ్మెల్యేను ఊరికొచ్చినప్పుడు అడగడానికి అప్పటిదాకా టైముంది.