మా అమ్మని త్యాగమూర్తి అనకండి

మా అమ్మ పోయి నెల దాటింది. పెద్దకార్యానికి వేసిన ఫ్లెక్సీలో, వాట్సాప్ గ్రూపుల్లో, ఇంటికొచ్చి పలకరించినవాళ్ళ నోట ఒకటే మాట, "పిల్లల కోసమే బతికింది, త్యాగమూర్తి" అని. వాళ్ళ ప్రేమని కాదనను. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతోంది, ఎందుకంటే వాళ్ళు చెబుతున్న మనిషి మా ఇంట్లో ఏనాడూ లేదు. మా అమ్మ తన కోసం కూడా బతికింది. సరదాగా, నలుగురితో, తనకి నచ్చినట్టు బతికింది, మమ్మల్నీ పెంచింది. ఒకే ఆడమనిషి ఈ రెండూ చేయగలదని ఒప్పుకోవడానికి మనకెందుకింత కష్టం?

మాది రాజమండ్రి. పుష్కర ఘాట్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు. నాన్న ఆఫీసు, ఆయన టెన్షన్లు ఆయనవి. అమ్మకి మాత్రం సాయంత్రం నాలుగైతే ఇంట్లో కాలు నిలిచేది కాదు. దసరా వచ్చిందంటే దేవీచౌక్‌లో చాప పరుచుకుని తెల్లవార్లూ పద్యనాటకాలు చూసేది, మమ్మల్ని పక్కనే పడుకోబెట్టుకుని. అర్ధరాత్రి హార్మోనియం మోతకి మెలకువొచ్చి చూస్తే, ముక్కూ మొహం తెలియని ఎవరో ఆవిడతో కలిసి అమ్మ పద్యం అందుకుంటూ కనిపించేది. కొత్త సినిమా వస్తే మ్యాట్నీ. ఆ రోజు ఇంట్లో చారు, వడియాలు, మాగాయ. "తినేసి ఉండండి, వచ్చాక కథ చెప్తా" అని వెళ్ళిపోయేది, వచ్చాక నిజంగానే చెప్పేది, ఫైట్లతో సహా. మేము ఏ రోజూ పస్తు పడుకోలేదు, ఏ పరీక్షకీ ఆలస్యంగా వెళ్ళలేదు, జ్వరం వస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది. మరి ఆవిడ మ్యాట్నీకి వెళ్తే ఎవరికేం తక్కువైంది? అయినా మా మేనత్తలు పండక్కి వచ్చినప్పుడల్లా అదే ఎత్తేవాళ్ళు.

నాన్న పోయినప్పటి సంగతి కూడా చెప్పాలి. పదో రోజు పొద్దున్నే పెద్దవాళ్ళంతా చేరి గాజులు తీయించడానికి, బొట్టు చెరపడానికి సిద్ధమయ్యారు. అమ్మకి ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఆ పోయిన గొంతుతోనే అంది, "బొట్టు, గాజులు, పువ్వులు నాకు మా అమ్మ పెట్టింది వదినా. అప్పటికి ఆయనెవరో కూడా నాకు తెలీదు. ఆయన కట్టింది తాళి. అది తీసిచ్చేస్తా, మిగతావాటి జోలికి రాకండి." ఆ రోజు ఎవరూ నోరెత్తలేదు. తర్వాత మాత్రం బాగానే ఎత్తారు. పెళ్ళి పిలుపులకి వచ్చి, పక్కింటావిడకి బొట్టు పెట్టి, మా అమ్మకి శుభలేఖ చేతికిచ్చి వెళ్ళినవాళ్ళున్నారు. కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్ళోనే. ఆయన విగ్రహానికి దండలేస్తాం, ఆయన కట్టించిన టౌన్‌హాల్లో సభలు పెట్టుకుంటాం, ఇంటికొచ్చి భర్త పోయినావిడ మల్లెపూలు పెట్టుకుంటే మొహం తిప్పుకుంటాం. 140 ఏళ్ళు దాటిపోయింది, ఇంకా ఎన్నేళ్ళు కావాలండీ మనకి? మా అమ్మ ఎవరితోనూ వాదించలేదు. రోజూ సాయంత్రం పూలు కొనుక్కుంది, అంతే. పూలమ్మేవాడితో పావుగంట కబుర్లు కూడా.

ఆవిడ చేతిసంచి ఇప్పుడు నా దగ్గరుంది. ఆధార్ జిరాక్స్‌కి లామినేషన్, వక్కపొడి డబ్బా, నాలుగు మడతలు పెట్టిన ప్లాస్టిక్ కవర్లు, మా అమ్మాయి పాత నోట్సుల్లో మిగిలిన తెల్లకాగితాలు చించి దారంతో కుట్టుకున్న చిన్న పుస్తకం. అందులో అన్నీ ఫోన్ నంబర్లే. పేర్లు తక్కువ. "మోరి జీడిపప్పు ఆవిడ", "కంటి ఆపరేషన్, పక్క మంచం", "అన్నవరం మెట్ల మీద కాలు బెణికినాయన", "సింహాద్రిలో ఏడ్చిన పిల్ల". సింహాద్రి అంటే రైలు. కబురు చెబుదామని ఆ నంబరుకి ఫోన్ చేస్తే అవతల అమ్మాయి కాసేపు మాట్లాడలేకపోయింది. ఇంట్లో గొడవపడి కట్టుబట్టలతో రైలెక్కిన రోజు అమ్మ పక్క సీట్లో కూర్చుందట, పులిహోర పొట్లం విప్పి సగం పెట్టిందట, ఏమైందని ఒక్క ముక్క అడగలేదట, దిగేటప్పుడు నంబరు తీసుకుని ఆ తర్వాత చాలాకాలం ఆదివారం ఆదివారం ఫోన్ చేసిందట. ఆ పిల్ల ఇప్పుడు టీచరు. మాకెవ్వరికీ ఈ సంగతే తెలీదు. పెద్దకార్యం రోజు మా చుట్టాలకంటే ఆ పుస్తకంలోవాళ్ళే ఎక్కువమంది వచ్చారు. మా బాబాయి ఒక్కొక్కరినీ "మీరు ఎవరి తాలూకు?" అని అడుగుతుంటే వాళ్ళు "ఆవిడ తాలూకే" అన్నారు.

ఊరికే కబుర్లేసుకుని తిరిగే మనిషి అనేవాళ్ళకి ఇంకోటి చెప్తాను. 2015 జులై 14న, పుష్కరాల మొదటి రోజు, ఘాట్లో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి. తప్పిపోయినవాళ్ళు వీధుల్లో పిచ్చెక్కినట్టు తిరుగుతున్నారు. అమ్మ వెళ్ళి దొరికినవాళ్ళని దొరికినట్టు మా ఇంటికి పట్టుకొచ్చింది. గేటు దగ్గర మజ్జిగ బకెట్టు, లోపల ఫోను. ఒక్కొక్కరి చేతా వాళ్ళ ఊరికి మాట్లాడించింది. కొత్తవాళ్ళతో మాట కలపడం ఎలాగో జీవితమంతా తిరుగుతూ నేర్చుకున్న మనిషి కాబట్టే ఆ రోజు ఆవిడకి చేతనైంది. గడప దాటని ఇల్లాళ్ళు మా వీధిలో చాలామంది ఉన్నారు. వాళ్ళూ మంచివాళ్ళే, కానీ భయపడి తలుపులేసుకున్నారు.

మనవలకి ఆవిడ దగ్గర దొరికినవి ఏ స్కూల్లోనూ దొరకవు. మా అమ్మాయికి పన్నెండేళ్ళప్పుడే రమ్మీ నేర్పింది, ఓడినా మొహం మాడ్చుకోకుండా ఆడాలని నేర్పింది, మండుటెండలో మెయిన్‌రోడ్డుకి తీసుకెళ్ళి రోజ్‌మిల్క్ తాగించింది. అన్నయ్య కొడుకు డల్లాస్ నుంచి వీడియో కాల్ చేస్తే, ఫోను తోటకూరమ్మే ఆవిడకిచ్చి "మా మనవడు, మాట్లాడు" అనేది. వాడు ఆవిడతో గోంగూర రేటు మాట్లాడేవాడు. మొన్న నానమ్మ పోయిందని తెలిసి వాడు నన్ను మొదట అడిగింది, "తోటకూర ఆంటీకి చెప్పారా అత్తా?" అని.

ఇక బస్సు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలై ఆడవాళ్ళకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చాక అమ్మని పట్టుకోవడం మావల్ల కాలేదు. ద్రాక్షారామం, అన్నవరం, ర్యాలి. ర్యాలి గుళ్ళో ముందు కేశవస్వామి, వెనక జగన్మోహిని, రెండూ ఒకే శిల. అమ్మ ముందు గబగబా దండం పెట్టేసి వెనక్కి వెళ్ళి మోహిని కొప్పుని చూస్తూ నిలబడిపోయేదని ఆవిడతో వెళ్ళినవాళ్ళు చెబుతారు. ఆ రోజుల్లోనే మన గ్రూపుల్లో మీమ్స్ మొదలయ్యాయి, "ఫ్రీ బస్సని పనీపాటా మానేసి ఊళ్ళు తిరుగుతున్నారు" అని. మా చుట్టాల్లో మగవాళ్ళు నవ్వుతూ షేర్ చేశారు. నలభై ఏళ్ళు పొయ్యి దగ్గర నిలబడిన మనిషి కూచుని కిటికీలోంచి గోదావరి చూస్తే మీకేం నొప్పి? మీరు టీకొట్టు దగ్గర గంటలు గంటలు నిలబడితే ఎవరైనా లెక్కలడిగారా? ప్రభుత్వానికి ఖర్చెంత, బస్సులు సరిపోతున్నాయా అని అడగండి, తప్పులేదు. ఆడవాళ్ళు ఎందుకు తిరుగుతున్నారని మాత్రం అడగొద్దు. తిరగాలనిపించి తిరుగుతున్నారు. ఆ కారణం చాలు. అదే మీమ్ షేర్ చేసినాయన మొన్న ఫ్లెక్సీ కింద "త్యాగశీలికి నివాళి" అని తన పేరు వేయించుకున్నాడు. ఆ ఫ్లెక్సీ నేనే తీయించేశాను, ఎవరేమనుకున్నా సరే.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. ఆ పుస్తకంలో చాలామందికి అమ్మ అప్పుడే మాటిచ్చేసింది, బస మా ఇంట్లోనే అని. ఎవరికి మేడమీద గది, ఎవరు మెట్లెక్కలేరు, ఎవరికి ఉప్పు తక్కువ వేయాలి, చివరి పేజీలో రాసి పెట్టుకుంది. ఆ మాట తప్పేది లేదు. ఈ వారమంతా ఫోన్లు చేసి చెబుతున్నాను, అందరూ రండని. మేడమీద బాత్‌రూమ్ ఒకటే ఉంది, ఇంకోటి కట్టించాలి, రాజమండ్రిలో మంచి మేస్త్రీ ఎవరైనా తెలిస్తే నంబరు పెట్టండి.