ప్రేమ విందులో కుర్చీలాట

మా వీధి చర్చిలో నెలకోసారి ప్రేమ విందు, అంటే సంఘమంతా కలిసి భోంచేయడం. సహవాసం కోసమట! పదకొండున్నరకి ఆరాధన అయిపోవాలా, అప్పుడు మొదలవుతాయి ప్రకటనలు. గృహ కూటాలు, యూత్ మీటింగ్, స్త్రీల కూటమి, ఆర్కే బీచ్ పిక్నిక్... అన్నీ వాట్సాప్‌లో మూడుసార్లు వచ్చినవే. మళ్లీ చదవడం దేనికి?

అసలే విశాఖ ఉక్కపోత. షామియానా కింద ఒక్క కుర్చీ ఖాళీ లేదు. కూర్చున్నవి మాత్రం బైబిళ్లు! ఒకదాంట్లో కర్చీఫ్, ఇంకోదాంట్లో హెల్మెట్. "మావాళ్లు వస్తున్నారు బ్రదర్" అంటారు. మరి కర్ర పట్టుకుని నిలబడ్డ ఆ మామ్మగారు ఎవరివాళ్లు?

ప్లేట్ల దగ్గర ఇంకా ఘోరం. ఇందాకే రెండు చేతులూ జోడించి "వందనాలు" అన్న పెద్దమనిషి, మోచేత్తో నన్ను పక్కకి నెట్టి, గరిటె అడుగుదాకా ముంచి ముక్కలు దేవుకున్నాడు. పైగా జేబులోంచి పార్శిల్ కవర్ తీశాడు! నాకు దక్కింది పులుసు, ఒక బంగాళాదుంప.

1805లో వచ్చిన లండన్ మిషన్ దొరలు బైబిలును తెలుగులోకి తెచ్చే పని ఈ ఊళ్లోనే మొదలుపెట్టారు. రెండు వందల ఏళ్లు దాటినా 'లైను' అనే మాట మాకింకా అనువాదం కాలేదు.

గాజువాక నుంచి కొత్తగా వచ్చిన కుటుంబం గోడవారన నిలబడే తినేసి వెళ్లిపోయింది. పేరైనా అడిగారా ఎవరన్నా? నేనూ అడగలేదు, బంగాళాదుంప కోపంలో ఉన్నాను.

ఇదిగో, వచ్చే నెల విందుకి పేర్లివ్వమని మెసేజ్. పొద్దుట్నుంచి నాలుగోసారి.